ఎర్ర గీత వైపు లీడర్

అమరేశ్వరరావు గారు నాతో మాట్లాడిన మొదటి మాట తిట్టు. 2018 సెప్టెంబరు, శనివారం పొద్దున. కెనడాలో మేముండే మిల్టన్ నుంచి కారులో అరగంట దూరంలో బ్రాంటీ వాగు ఒంటారియో సరస్సులో కలుస్తుంది. అక్కడ నీళ్లలోకి పొడుగ్గా రాతి గట్టు ఉంది. చలి మొదలయ్యే ముందు పెద్ద చేపలు సరస్సులోంచి వాగులోకి ఎక్కుతాయి గనక జనం ఆ గట్టు మీద బారులు తీరి గాలాలు వేస్తారు. నేను అప్పుడే కొత్తగా మొదలుపెట్టాను. అసలే నాకు ముక్కు మీద కోపం, దానికి తోడు ఓపిక సున్నా. దారం చిక్కుపడితే విప్పాలన్న ఆలోచనే రాలేదు. పరపరా కోసి, ఉండ చుట్టి రాళ్ల సందులో పారేశాను.

వెనక నుంచి ఎవరో, "పశువులు. చదువుకున్న పశువులు" అన్నారు. అచ్చ తెలుగులో.

"ఎవర్ని అంటున్నరు సార్?" అని గిర్రున తిరిగాను.

బకెట్ బోర్లించుకుని దాని మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. తలకి ఉన్ని టోపీ, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. నేను తెలుగువాణ్ణని తెలిసి ఏమాత్రం తడబడలేదు. "నిన్నేనయ్యా. తెలుగువాడివైతే మరీ మంచిది, మళ్లీ ఇంగ్లీషులో తిట్టే పని తప్పింది. ఆ ఉండలో ఏ బాతు కాలో ఇరుక్కుంటే నువ్వొచ్చి విప్పుతావా?" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. నోటికొచ్చింది అనేసేవాణ్ణే, ఈలోగా ఆయన లేచి ఆ ఉండని రాళ్ల సందులోంచి తీసి ఒళ్లో పెట్టుకున్నారు. పది నిమిషాలు. కత్తెర ముట్టుకోలేదు. వేళ్లతో అటు కొంచెం ఇటు కొంచెం లాగుతూ మొత్తం విప్పేశారు. అందులోంచి రెండు మూరల ముక్క ఒకటి ఏరి, గోటితో ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమి, నా రాడ్ అందుకుని కట్టేశారు. "ఇంకా బానే ఉంది. దీంతో ఇంకో నాలుగు చేపలు పట్టొచ్చు" అన్నారు. నాలుగు కాదు గానీ ఆ రోజు ఒకటి పట్టాను. అదే నా మొదటి చేప.

ఆ తర్వాత నాలుగేళ్లు మేమిద్దరం శనివారాలు కలిసే వెళ్లాం. ఆయన ఇల్లూ మిల్టన్‌లోనే, మా టౌన్‌హౌస్‌కి నాలుగు వీధుల అవతల. వారమంతా టొరంటో ట్రైనెక్కి ఆఫీసులో స్క్రీన్ ముందు కూర్చుని అందరి మీదా విసుక్కునేవాణ్ణి. శనివారం పొద్దున ఆయన నా మీద విసుక్కునేవారు.

లీడర్ అంటే తెలియనివాళ్ల కోసం చెబుతాను. రాడ్‌కున్న రీల్ మీది అసలు దారానికీ గాలానికీ మధ్య రెండు మూరల పొడవున సన్నటి, నీళ్లలో కంటికి ఆనని దారం ఒకటి కడతాం. దాన్నే లీడర్ అంటారు. రాళ్లకి రాసుకునేదీ, చేప పళ్లకి తగిలేదీ అదే. ముందుగా పాడయ్యేదీ అదే. ముడి విప్పి కట్టిన ప్రతిసారీ బెత్తెడు తగ్గుతుంది. నాలాంటివాళ్లు రెండు చేపలు పడగానే దాన్ని పీకి పారేసి, డబ్బాలోంచి కొత్తది తీసి కడతారు. అమరేశ్వరరావు గారి దగ్గర ఆ లెక్క కుదరదు.

ఆయన సంచిలో ఒక నురగ ముక్క ఉండేది. పిల్లలు స్విమ్మింగ్ పూల్‌లో చంక కింద పెట్టుకుని తేలే నురగ గొట్టాలు ఉంటాయే, వాటిని జానెడు పొడవున కోసి చేసుకున్నది. వాడిన లీడర్లన్నీ దాని చుట్టూ పక్కపక్కనే చుట్టి, కొసని నురగలో గుచ్చిపెట్టేవారు. ఒక చివర నీలం మార్కర్‌తో గీత, రెండో చివర ఎర్ర గీత. నీలం గీత వైపు ఉన్నవి మళ్లీ వాడదగ్గవి. ఎర్ర గీత వైపు ఉన్నవి నమ్మకూడనివి. వాటిని ఇంటికి తీసుకెళ్లి, దీపం కింద చూసి, పనికొచ్చేంత ముక్క ఉంటే చిన్న చేపలకి దాచేవారు, లేకపోతే వేలెడేసి ముక్కలు చేసి మూతున్న డబ్బాలో వేసేవారు. నీళ్ల దగ్గర ఒక్క పోగు కూడా వదిలేవారు కాదు.

ఏది నీలం వైపు వెళ్లాలో ఏది ఎర్ర వైపు వెళ్లాలో తేల్చేవి ఆయన వేళ్లు. చేప పడినా, గాలం రాయికి తగులుకున్నా, లీడర్ని బొటనవేలి గోటికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెల్లగా లాగేవారు. తర్వాత కింది పెదవి మీదుగా ఇంకోసారి. కంటికి కనపడని గాటు ఉన్నా ఠక్కున ఆగిపోయేవారు. నేను కళ్లద్దాలు పెట్టుకుని వెలుతురుకి పట్టి చూసినా నాకేం కనిపించేది కాదు. "ఎక్కడుంది అంకుల్? నాకైతే ఏం కనపడ్తలేదు" అంటే, ఆ చోటు పట్టుకుని రెండు చేతులతో ఒక్క గుంజు గుంజేవారు. సరిగ్గా అక్కడే తెగేది.

"ముడి బిగించేముందు ఉమ్మితో తడుపు. పొడిగా బిగిస్తే ఆ రాపిడికే దారం చచ్చిపోద్ది" అని నాలుగేళ్లలో నాకు నాలుగొందల సార్లు చెప్పి ఉంటారు. "ఒక కొత్త డబ్బా కొనుక్కుంటే ఏం పోతది అంకుల్, ఈ పాత దారాల చాదస్తం ఎందుకు" అని నేనూ అన్నిసార్లు వేళాకోళం చేసి ఉంటాను. ఆయన నవ్వేవారు. "కొనలేక కాదయ్యా. దారం పారేయడం నాకు చేత కాదు" అనేవారు.

ఎందుకు చేత కాదో నాకు తర్వాత తెలిసింది. వాళ్లది మంగళగిరి, మగ్గాల ఇల్లు. పన్నెండో ఏట మగ్గం గుంటలోకి కాళ్లు పెట్టిన మనిషి ముప్పై ఏడో ఏట బయటికొచ్చారు. బంధువులెవరో పట్టుబట్టి ఇక్కడికి రప్పించారు. కార్ల సీట్లకి కవర్లు కుట్టే ఫ్యాక్టరీలో ఇరవై నాలుగేళ్లు చేసి రిటైరయ్యారు. "అక్కడ మిషను కుడుతుంటే నేను చూస్తూ నిలబడ్డానంతే. దాన్ని పని అనుకోను" అనేవారు.

భార్య దమయంతి గారు, నాకు దమయంతి ఆంటీ. వాళ్ల అమ్మాయి సాత్విక మాంట్రియల్‌లో ఉద్యోగం. నేను వెళ్లినప్పుడల్లా ఆంటీ చేతిలో ఏదో ఒక ప్లేటు ఉండేది. 2022 మొదట్లో ఒకసారి మాటల్లో, "నేతగాణ్ణి చేసుకున్నానన్న మాటే గానీ ఈయన నేసిన చీర ఒక్కటి కట్టి ఎరగను బాబూ. నేసినవన్నీ షావుకారుకే పోయేవి. నేను మిల్లు చీరలే కట్టాను" అంది. నవ్వుతూనే అంది. కానీ అంకుల్ తల ఎత్తలేదు.

ఆ సంవత్సరమే బేస్‌మెంట్‌లో మగ్గం మొదలైంది. హార్డ్‌వేర్ షాపు నుంచి చెక్క దుంగలు తెచ్చి, తనే కోసి, తనే బిగించి నిలబెట్టారు. సాత్విక ఇండియా వెళ్లినప్పుడు మంగళగిరి నుంచి ఒక్క చీరకి సరిపడా పడుగు, అంటే నిలువు దారాలన్నీ వరస పెట్టి సిద్ధం చేసిన చుట్ట, సూట్‌కేసులో తెచ్చింది. నేరేడు పండు రంగు. ఆంటీయే ఎంచుకుంది. ఆరు గజాల చీర. రోజుకి బెత్తెడు, ఓపికుంటే జానెడు. నేను వెళ్తే కిందికి తీసుకెళ్లి చూపించేవారు. దారాల మీద అరచెయ్యి ఆనించి అటు నుంచి ఇటు జరిపేవారు, ఎక్కడైనా ఒక పోగు తెగిందంటే కళ్లు మూసుకునే పట్టి అతికేవారు. లీడర్ని తడిమినట్టే.

2022 అక్టోబరులో డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చారు. షుగర్ ఇరవై ఏళ్ల నుంచీ ఉంది. శనివారం గట్టు మీద కూర్చుని సంగతి చెప్పారు. "తమాషా విను చక్రధర్. పాదాలకి స్పర్శ ఉందో లేదో చూడ్డానికి ఆ డాక్టరు ఏం తీశాడనుకున్నావు? నైలాన్ దారం. పుల్లకి గుచ్చిన దారం ముక్క. నా దారంతోనే నాకు పరీక్ష పెట్టాడు."

"తెలిసిందా మరి?" అన్నాను.

"కొన్నిచోట్ల తెలియలేదు. ఇవాళ కాకపోతే రేపు చేతులకీ వస్తుందన్నాడు." రాడ్ అందుకుని లీడర్ని గోటితో తడిమారు. "చేతుల సంగతి ఆ డాక్టరు చెప్పక్కర్లేదులే. లీడర్ మీద గాటు తెలుస్తున్నంత కాలం నా వేళ్లు బాగున్నట్టే. ఆ చీర అయిపోయేదాకా తెలిస్తే చాలు. నాలుగు గజాలయింది, ఇంకా రెండున్నాయి."

నేను సరేనన్నట్టు తలూపాను. విన్నాను, అర్థం కూడా అయింది. అంత స్పష్టంగా చెప్పిన మాట నాకు తెలియదని ఇప్పుడు బుకాయించలేను.

నవంబరు రెండో శనివారం. చలి చంపేస్తోంది, సరస్సు మీంచి గాలి ఈడ్చి కొడుతోంది. కానీ చేపలు అంతగా ఎక్కిన పొద్దు నేను మళ్లీ చూడలేదు. స్టీల్‌హెడ్ అనే వెండి రంగు చేపలు గట్టు ముందే పొర్లుతున్నాయి. అంకుల్ గాలం రాళ్లలో తగులుకుని లీడర్ తెగింది. ఆయన నురగ తీసి, నీలం వైపు నుంచి ఒక లీడర్ విప్పి, గోటితో ఒకసారి, పెదవితో ఒకసారి చూసుకున్నారు. "ఇది మంచిది" అన్నారు. కళ్లద్దాల మీద ఊపిరి పొగ కమ్మేసి ఉంది. "ఆ గాలం కన్ను నాకు కనపడట్లేదు. నువ్వెక్కించు" అని లీడరూ నురగా నా చేతికిచ్చి, పక్కనున్న తెల్లాయనకి చేప పడితే వల పట్టుకుని సాయానికి వెళ్లారు.

గాలికి ఆ లీడర్ నా చేతిలోంచి జారింది. రాళ్ల సందులో పడి, నేను లాగేసరికి చిక్కుపడిపోయింది. పక్కాయన చేప ఎగిరి పడుతోంది. నా ముందు ఇంకోటి పొర్లింది. నాకు చిరాకెత్తిపోయింది. ఆ చిక్కుని జేబులో కుక్కాను. నురగ మీద చూస్తే ఒకదానికి గాలం అప్పటికే కట్టి ఉంది. మళ్లీ కన్నులో ఎక్కించే పని లేదు, ఒక్క ముడి వేస్తే చాలు.

అది ఎర్ర గీత వైపు ఉంది. నేను చూశాను. చూసే తీశాను. ఒక్క చేపకి ఆగదా అనుకున్నాను.

"కట్టావా?" అంటూ వచ్చారు ఆయన.

"కట్టిన అంకుల్, వెయ్యండి."

ఆయన మళ్లీ తడిమి చూసుకోలేదు. ఎందుకు చూసుకుంటారు, అంతకుముందే చూసిన లీడర్ కదా అది, ఆయన లెక్కలో. విసిరారు. బెండు నాలుగు గజాలు తేలిందో లేదో మునిగిపోయింది. రాడ్ విల్లులా వంగింది. అంత పెద్ద చేపని ఆ గట్టు మీద నేను ఎవరి గాలానికీ చూడలేదు. రెండుసార్లు సరస్సులోకి పరిగెత్తింది, రెండుసార్లూ తిప్పుకొచ్చారు. చుట్టూ ఉన్నవాళ్లు తమ దారాలు చుట్టేసి దారిచ్చారు. మూడోసారి గట్టు దగ్గరికి వచ్చి తల విదిలించింది. రాడ్ ఒక్కసారి నిటారుగా అయిపోయింది.

చేప పోతే పోయింది. చేపలు పోతూనే ఉంటాయి. ఆయన దారం చుట్టి, మిగిలిన జానెడు ముక్క చేతిలోకి తీసుకున్నారు. ముడి దగ్గర తెగలేదు, మధ్యలో తెగింది. అంటే గాటు ఉన్నచోట. "నేను చూసిందేగా ఇది" అన్నారు మెల్లగా. "రెండుసార్లు చూశానే."

అప్పుడు చెప్పాల్సింది. ఒక్క మాట. ఎర్ర దాంట్లోంచి నేనే తీసిన అంకుల్, తప్పయింది. అంతే, రెండు తిట్లు తిట్టి మరిచిపోయేవారు. కానీ అంతమంది ముందు, అంత చేప పోయాక, నాకు రోషమొచ్చింది. నామీద నాకు వచ్చిన కోపాన్ని ఆయన మీదికి తిప్పాను. "పాతయి వాడితే గిట్లనే అయితది అంకుల్. సరిగ్గ చూస్కోవాలె గదా" అన్నాను. నా నోటితో నేనే అన్నాను ఆ మాట.

ఆయన బకెట్ మీద కూర్చుని నీలం వైపు లీడర్లు ఒక్కొక్కటీ తీసి గోటితో తడిమారు. మూడోదానికి ఆగిపోయారు. "నాకు తెలియట్లేదు చక్రధర్. ఉన్నా లేనట్టే ఉంది" అన్నారు. నిజంగా వేళ్లకి తెలియక కాదు. నమ్మకం పోయాక ఏది తడిమినా అలాగే ఉంటుందని నాకు ఇప్పుడు తెలుసు. దారిలో కారులో రేడియో పెట్టాను, మాట్లాడాల్సి వస్తుందేమోనని. ఇంటికెళ్లి జేబులోని ఆ మంచి లీడర్ చిక్కుని వంటింటి చెత్తబుట్టలో వేశాను.

తర్వాతి శనివారం ఆయన రానన్నారు. చలి అన్నారు. ఆ పై శనివారం మోకాలు నొప్పి అన్నారు. డిసెంబరు మధ్యలో ఫోన్ చేశారు. "ఒకసారి ఇంటికి రాగలవా? బేస్‌మెంట్‌లోంచి దుంగలు పైకి మోయాలి, నా ఒక్కడి వల్ల కావట్లేదు" అన్నారు.

వెళ్లేసరికి మగ్గం సగం విప్పేసి ఉంది. నేసిన గుడ్డ కోసి మడత పెట్టి ఉంది, నాలుగు గజాల చిల్లర. మిగిలిన పడుగు దారాలు కత్తెర కోతతో చివరలు వేలాడుతూ అట్టపెట్టెలో పడి ఉన్నాయి. "ఏంది అంకుల్ ఇది? ఇంకా రెండు గజాలేనంటిరి గదా?" అన్నాను.

"తప్పులు పోతున్నాయనిపిస్తోందయ్యా. పోగు తెగినా తెలియట్లేదేమోనని ప్రతి బెత్తెడుకీ అనుమానం. నేసింది విప్పడం, మళ్లీ నేయడం. ఆ రోజు చేప దగ్గరే తెలిసిపోయింది నాకు. అంత గాటు పట్టలేనివాణ్ణి, ఎనభయ్యో నంబరు సన్న నూలు ఏం పడతాను?" అని నవ్వారు. "తప్పుల చీర మీ ఆంటీకి కట్టబెట్టడం ఇష్టం లేదు. నలభై ఏళ్ల కాపురం తర్వాత ఇచ్చేది అదా?"

మెట్ల మీద దుంగకి ఒక చివర ఆయన, ఒక చివర నేను. ఆయన వెనక్కి నడుస్తూ ఎక్కుతున్నారు, మొహం నావైపే ఉంది. మాట నోటిదాకా వచ్చింది. ఇప్పుడు చెబితే, మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటారు, ఆ రోజు నన్నెందుకు అన్నావంటారు. ఈ దుంగ పైకి చేర్చాక చెబుదాం అనుకున్నాను. తర్వాత రెండోది అయ్యాక అనుకున్నాను. ఏడు దుంగలు మోశాను. ఒక్కటీ చెప్పలేదు. గ్యారేజీలో గోడకి ఆనించి, ఆంటీ ఇచ్చిన పకోడీలు తిని, థాంక్స్ చెప్పించుకుని ఇంటికొచ్చాను. నా అంత పిరికివాణ్ణి నేను చూడలేదు.

వస్తుంటే తన రాడ్డూ సంచీ నా కారులో పెట్టారు. "నువ్వు వాడుకో. దారాలు మాత్రం పారేయకు" అన్నారు.

పారేయలేదు. ఆ పని చేస్తే కొంచెమైనా తప్పు దిగుతుందనుకున్నానో ఏమో, ఆయన చెప్పినట్టే చేయడం మొదలుపెట్టాను. ప్రతి లీడరూ చుట్టడం, గోటితో లాగడం, పెదవి మీద చూడడం, ఇంటికొచ్చి పనికిరానివి ముక్కలు చేయడం. మొదట్లో నాకేం తెలిసేది కాదు. ఏడాది గడిచాక అప్పుడప్పుడు తెలిసేది. రెండో ఏడు, 2024 అక్టోబరులో ఒక పొద్దున, అలవాటుగా లీడర్ని లాగుతుంటే గోరు ఠక్కున ఆగింది. తడిమి చూశాను. అంత సన్న గాటు గడప అంత ఎత్తున తగిలింది. నా మొద్దు వేళ్లకి, కీబోర్డు తప్ప ఎరగని వేళ్లకి తగిలింది.

ఆ రోజు నేను కట్టిన ఎర్ర గీత వైపుదాని గాటు ఇంతకంటే పెద్దదై ఉంటుంది. అందుకే అది ఎర్ర వైపు వెళ్లింది. ఆయన వేళ్లు ఒకసారి దాన్ని పట్టాయి కాబట్టే వెళ్లింది. ఆ మనిషికి చేతులు పోయాయని నమ్మించింది నేను. అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాను. ఏడుపొచ్చింది. గాలం వేయకుండానే సర్దుకుని తిన్నగా వాళ్లింటికి వెళ్లాను.

తలుపు ఆంటీ తీసింది. అంకుల్ భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. ఈ రెండేళ్లలో డాక్టర్ అన్నదే నిజమైంది. చొక్కా గుండీలు పెట్టుకోలేక జిప్పు జాకెట్లే వేసుకుంటున్నారు. కాఫీ గ్లాసు వేడి తెలియక ఒకసారి వేళ్లు బొబ్బలెక్కాయట, అందుకని ఆంటీ చల్లార్చి ఇస్తుంది.

కూర్చోకుండానే మొదలుపెట్టాను. మొత్తం చెప్పాను. మీరు చూసిన లీడర్ రాళ్లలో పడిపోయిందని, నేను ఎర్ర వైపు నుంచి తీశానని, గీత చూసి కూడా తీశానని, పైగా మిమ్మల్నే అన్నానని. మగ్గం మోసిన రోజు కూడా నోరు మెదపలేదని. "మీ చేతులు అప్పుడు బాగనే ఉండె అంకుల్. మీరు చూసింది మంచి దారమే. తప్పంతా నాది" అన్నాను.

ఆయన ఓపిగ్గా విన్నారు. తర్వాత నవ్వారు. "కూర్చో ముందు. కాఫీ తాగు" అన్నారు.

"నిజం అంకుల్."

"నాకు తెలుసులేవయ్యా. గుండీలు కూడా పెట్టుకోలేకపోతున్నానని ఆంటీ చెప్పి ఉంటుంది నీకు. చూడలేకపోయావు. మనసు కుదుటపడుతుందని ఈ మాట చెప్తున్నావు."

నాకు కోపం వచ్చింది, ఆ స్థితిలో కూడా. "అబద్ధం ఎందుకు చెప్త? నా కళ్లతోటి చూసిన, ఎర్ర గీత వైపు నుంచే తీసిన" అని గొంతు పెంచాను.

"ఎర్ర గీత చూసి కూడా నాకు కట్టే మనిషివి కాదు నువ్వు" అన్నారు ఆయన, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. "నాలుగేళ్లు పక్కన నిలబడ్డావు. నాకు తెలియదా నీ సంగతి? కోపిష్టివే గానీ అలాంటివాడివి కాదు." వంటింటి వైపు తిరిగారు. "దమయంతీ, విన్నావా? నాకు బాధ లేకుండా ఉండాలని తప్పు తన నెత్తిన వేసుకుంటున్నాడు. ఈ రోజుల్లో ఎవరుంటారు ఇలా?"

ఆంటీ గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో తుడుచుకునే గుడ్డ. నా మొహంలోకి చూసింది. నేను చూపు తిప్పుకున్నాను. కాఫీ తాగాను. ఏం తాగానో తెలియదు.

కారు దగ్గరికి వచ్చేసరికి ఆంటీ చెప్పులేసుకుని వెనకాలే వచ్చింది. స్వెట్టర్ కూడా వేసుకోలేదు.

"నువ్వు చెప్పింది నిజమేనా బాబూ?" అంది.

"నిజమే ఆంటీ."

"దుంగలు మోసిన రోజు తెలుసా నీకు?"

"తెలుసు."

ఆంటీ కారు తలుపు మీద చెయ్యి ఆనించి నిలబడింది. తిట్టినా బాగుండును. "ఆ తర్వాత కూడా ఏడాది దాకా బానే ఉన్నాయి చేతులు" అంది చివరికి. "పోయినేడు దసరాకి ఆయనే పూలదండ గుచ్చాడు. సూది, దారం, అన్నీ ఆయనే. నేను అన్నాను, బానే ఉన్నాయిగా చేతులు, ఇంకొక్కసారి మగ్గం మీద కూర్చోరాదా అని. పూలు వేరు, నూలు వేరు అన్నాడు."

"లోపలికొచ్చి మళ్లీ చెప్త ఆంటీ. ఒట్టేసి చెప్త. నమ్మేదాక చెప్త."

"వద్దు" అంది ఆంటీ. నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇప్పుడు నమ్మితే ఏం చేస్తాడు చెప్పు? చేతులు పోయాయి, మగ్గం తీసేశాను అనుకుంటున్నాడు, దాంతో సర్దుకున్నాడు. చేతులు ఉండగానే తన చేత్తో తనే కోసేసుకున్నానని తెలిస్తే ఆ మనిషి తట్టుకోలేడు. నువ్వింక ఆ మాట ఎత్తకు. నువ్వు మంచివాడివనే అనుకోనీ."

అని లోపలికి వెళ్లిపోయింది.

ఏడాది అయింది. ఇక్కడ తెలుగువాళ్లం ఎక్కడ కలిసినా, ఎవరింట్లో వ్రతమైనా, పిల్లల పుట్టినరోజైనా, అంకుల్ నా భుజం మీద చెయ్యి వేసి ఆ సంగతి చెబుతారు. నా మనసు బాధపడకూడదని ఈ అబ్బాయి ఏం కథ అల్లాడో తెలుసా అని మొదలుపెడతారు. ఆ చెయ్యి భుజం మీద ఉందో లేదో ఆయనకి తెలియదు, చూసుకుని వేస్తారు. వినేవాళ్లు నావైపు మెచ్చుకోలుగా చూస్తారు. దమయంతి ఆంటీ పక్కనే నిలబడి నేను ఏమంటానా అని చూస్తూ ఉంటుంది. అవునండీ, అబద్ధమే చెప్పాను అంటాను నేను.